ముందు టీ, తర్వాత పేరు

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు, అక్టోబరు నెల మొదటి సోమవారం నాడు, నన్ను వృద్ధుల పునరావాస వార్డుకి యాక్టింగ్ నర్స్ మేనేజర్‌గా వేశారు. ఐర్లండ్ వాయువ్య తీరాన, స్లైగోకి బస్సులో అరగంట దూరంలో ఉన్న చిన్న ఆస్పత్రి అది. పేరు చెప్పను. యాక్టింగ్ అంటే పని మొత్తం మనది, పోస్టు మాత్రం మనది కాదు. నా పైన వార్డు సిస్టర్ నోరీన్ ఉండేది. నా కింద స్టాఫ్ నర్సులు, వాళ్ళతోపాటు హెల్త్‌కేర్ అసిస్టెంట్లు. ఇరవై రెండు మంచాలు. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు మా దగ్గరికి వస్తారు. నడక నేర్చుకుని ఇంటికి వెళ్తారు, లేదా నర్సింగ్ హోమ్‌కి, అంటే ఇక్కడ ఇల్లు వదిలేసిన ముసలివాళ్ళు చివరిదాకా ఉండే చోటికి, వెళ్తారు. ఎటు వెళ్ళాలో ప్రతి గురువారం ఒక మీటింగ్‌లో తేలుతుంది.

ఈ వృత్తి గురించి తెలియనివారికి హ్యాండోవర్ అంటే ఏమిటో చెప్పాలి. డ్యూటీ దిగే నర్సు, డ్యూటీ ఎక్కే నర్సుకి రోగులందరి సంగతి అప్పగించడమే హ్యాండోవర్. ఇరవై రెండు మందికీ కలిపి పావుగంట. దానికి ఐదు మెట్ల పద్ధతి ఒకటుంది: రోగి ఎవరు, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఇదివరకు ఏం జరిగింది, మన అంచనా ఏమిటి, ఏం చెయ్యాలి. ఐదూ ఐదు ముక్కల్లో చెప్పి తర్వాతి మంచానికి వెళ్ళిపోవాలి.

నాకు అది చేతకాలేదు. నేను రేపల్లె పక్కన పుట్టినదాన్ని. మా ఇంట్లో పాలవాడు ఆలస్యంగా వచ్చాడని చెప్పాలన్నా, ఆ గేదెని వాళ్ళ మామ ఏ ఊళ్ళో కొన్నాడో అక్కణ్ణించి మొదలుపెట్టాలి. మా నాన్న చర్చిలో క్రిస్మస్‌కి బుర్రకథ చెప్పే దళంలో గుమ్మెట వాయించేవాడు. వాళ్ళు ప్రపంచ సృష్టి దగ్గర ఎత్తుకుంటే, బెత్లెహేము చేరేసరికి ముందు వరసలో పిల్లలందరం నిద్రపోయేవాళ్ళం. ఆ దళం పెంపకం నాది. ఆరో మంచంలో ఆవిడకి మూడు రోజులుగా విరేచనం కాలేదని చెప్పడానికి, ఆవిడ పెళ్ళినాటి నుంచి ఎత్తుకునేదాన్ని. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అమ్మాయి నేను ఫోన్‌లో ఏదైనా మొదలుపెట్టగానే, అచ్చం ఐరిష్ యాసలో, “మామ్, హూ డైడ్? జస్ట్ టెల్ మీ హూ డైడ్” అనేది. చాలాసార్లు ఎవరూ చనిపోయేవాళ్ళు కారు.

నోరీన్ మంచి మనిషే కానీ ఓపిక తక్కువ. నేను చేరిన రెండోవారం ఆమె ఇంటి నుంచి గుడ్లు ఉడకబెట్టడానికి వాడే టైమర్ ఒకటి తెచ్చింది. కోడిపెట్ట ఆకారంలో ఉండేది. మెడ తిప్పితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి తిరిగి, టైం అవగానే గణగణ మోగేది. దాన్ని హ్యాండోవర్ టేబుల్ మీద నా ఎదురుగా పెట్టింది. దానికి నేను ఎంత భయపడ్డానో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

ఆ వారమే టియర్నీ మాస్టారు మా వార్డుకి వచ్చారు. వయసు ఎనభై నాలుగు. మగపిల్లల స్కూల్లో నలభై ఏళ్ళు లాటిన్, గ్రీకు చెప్పి రిటైరైన మనిషి. సముద్రం పక్కన ఇంట్లో ఒక్కరే ఉండేవారు. వంటింటి ప్రెస్ పైఅరలో, అంటే మన భాషలో అలమరలో, ఉన్న మార్మలేడ్ జామ్ సీసా కోసం కుర్చీ ఎక్కి పడ్డారు. పెద్దాస్పత్రిలో తుంటికి ఆపరేషన్ అయింది. మత్తు తాలూకు గందరగోళం రెండు రోజులు ఉండింది. ఆ వయసులో అది మామూలే. మా దగ్గరికి వచ్చేసరికి అది పోయింది. కానీ పోయిందని మేము గుర్తించలేదు. తప్పు పూర్తిగా మా వార్డుది.

మేము రాసుకున్న నోట్స్ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పేరు అడిగితే చెప్పడం లేదు. పుట్టినరోజు చెప్పడం లేదు. అన్నమాటే మళ్ళీ మళ్ళీ అంటున్నారు. ఎలా పడ్డారని అడిగితే నడుమ నుంచి మొదలుపెడుతున్నారు. ఇన్‌స్పెక్టర్‌కి ఎండుగడ్డి ఎవరు వేస్తున్నారని రోజూ ఆందోళన పడుతున్నారు. ఈ ఆఖరిది ఎవరు చదివినా పెన్ను పక్కన పెట్టి తల ఊపేవాళ్ళు. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేశారు. అందులో మొదటి ప్రశ్నకే ఆయన జవాబు చెప్పకుండా కిటికీ వైపు చూశారట. వచ్చే గురువారం మీటింగ్‌లో నర్సింగ్ హోమ్ దరఖాస్తు ఖాయం అని అందరూ అనుకున్నారు.

మందులు ఇచ్చే ముందు ప్రతిసారీ రోగి నోటితోనే పేరు, పుట్టినతేదీ చెప్పించి, మణికట్టు పట్టీతో సరిచూడాలి. అది రూలు. రోజూ చూసే మనిషైనా సరే, మన సొంత మేనమామైనా సరే. రోగి చెప్పకపోతే ఇద్దరు నర్సులు వచ్చి పట్టీ చూసి సంతకాలు చెయ్యాలి. టియర్నీ మాస్టారి వల్ల ప్రతి ఉదయం ఎనిమిది గంటలకి ఇద్దరు నర్సులు నాలుగో మంచం దగ్గర నిలబడిపోయేవాళ్ళు. మూడోరోజు మా స్టాఫ్ నర్సు జ్యోత్స్న నా దగ్గరికి వచ్చింది. ఖమ్మం అమ్మాయి, నడక కాదు, పరుగే.

“అక్కా, ఆయన మల్ల పేరు చెప్తలేడు. ముందుగాల చాయ్ ఇయ్యమంటుండు. చాయ్ తాగకముందు పేరు అడుగుడు మర్యాద కాదంట” అంది.

“అయితే ఇచ్చెయ్యమ్మా, ఏం పోయింది?” అన్నాను.

“ఎనిమిదికి గోలీలు, ఎనిమిదిన్నరకు చాయ్. గట్లనే రాసుంది గదక్కా!”

నిజమే, గట్లనే రాసుంది. నేనే వెళ్ళి వార్డు కిచెన్‌లో టీ కలిపి, రెండు టోస్టులు వేసి తీసుకెళ్ళాను. మూడు రోజులుగా పేరు చెప్పని మనిషి కప్పు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, తన పేరు, పుట్టినరోజు, తండ్రి పేరు, తాత పేరు, తాత ఏ పడవలో పనిచేశాడో, ఆ పడవ ఏ తుఫానులో మునిగిందో వరసగా చెప్పారు. పట్టీతో సరిచూశాను. అన్నీ సరిపోయాయి. పడవ సంగతి పట్టీ మీద లేదు.

తర్వాత ఆయనే వివరం చెప్పారు. పాత గ్రీకు ఇతిహాసాల్లో పరాయి మనిషి గుమ్మంలోకి వస్తే ముందు కాళ్ళు కడుగుతారు, కూర్చోబెడతారు, తిండి పెడతారు, ద్రాక్షసారా పోస్తారు. కడుపు నిండాకే, అయ్యా నువ్వెవరు, ఏ ఊరు, ఎవరి కొడుకువి అని అడుగుతారు. తిండి పెట్టకముందే పేరు అడిగేవాడు ఆ కథల్లో రాక్షసుడు మాత్రమే. “నలభై ఏళ్ళు ఆ సంగతి పిల్లలకి చెప్పాను. ఇక్కడికి వచ్చిన తొలిరోజు, ట్రాలీ మీద పడుకుని ఉన్నాను. దాహంగా ఉంది. ఐదుగురు వచ్చి ఐదుసార్లు పేరు అడిగారు. ఒక్కరూ మంచినీళ్ళు కావాలా అనలేదు. అంతే, నాకు మొండితనం వచ్చేసింది” అన్నారు.

మా అమ్మ కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా మజ్జిగ ఇచ్చాకే ఏం పని మీద వచ్చావని అడిగేది. నేను ఈ దేశం వచ్చి యూనిఫాం వేసుకోగానే అది మరిచిపోయాను. నాకు బాధ కలిగింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది.

ఇక మిగతా నోట్స్ కూడా ఒక్కొక్కటే తేటపడ్డాయి. ఇన్‌స్పెక్టర్ ఆయన గాడిద. స్కూల్లో ఉండగా తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లంటే పడక, దానికి ఆ పేరు పెట్టారు. పక్కింటివాళ్ళు గడ్డి వేస్తున్నారో లేదో అన్నదే ఆయన బెంగ. ఇక అన్నమాటే మళ్ళీ అనడం. ఆయన మా అందరికీ తలా ఒక విశేషణం తగిలించారు. జ్యోత్స్న ఎప్పుడొచ్చినా “వడివడి అడుగుల జ్యోత్స్న”. సిస్టర్ “గడియారం విడువని నోరీన్”. నేను “పొడుగు మాటల రత్న”. ఎన్నిసార్లు పిలిచినా అక్షరం పొల్లుపోకుండా అలాగే. కాగితం లేని కాలంలో ఆ ఇతిహాసాల గాయకుడు వేల పాదాలు నోటితోనే పాడాలి. ప్రతి వీరుడికీ అతికించిన విశేషణం ఒకటి సిద్ధంగా ఉంటే, నోరు దాన్ని అంటుండగా బుర్ర తర్వాతి పాదాన్ని వెతుక్కుంటుందట. ఇది విని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మా నాన్న దళంలో జరిగింది ఇదే! వంతపాటవాళ్ళు తందాన తాన అంటూ ఉంటే, కథకుడు ఆ సందులో తర్వాతి ముక్క గుర్తు తెచ్చుకునేవాడు. మరీ గుర్తు రాకపోతే మా నాన్న వైపు చూసేవాడు, మా నాన్న గుమ్మెట మీద ఇంకో నాలుగు దరువులు ఎక్కువ వేసేవాడు.

మాస్టారు గొంతు తగ్గించారు. “ఈ వయసులో కొత్త పేర్లు నిలవడం లేదు రత్నా. తోక తగిలిస్తే నిలుస్తాయి. అందుకే” అన్నారు. గురువారం మీటింగ్ సంగతి ఆయనకు తెలుసు. “నా ఇంట్లో నేను గృహస్థుణ్ణి. ఇక్కడ అతిథిని. అక్కడికి పంపిస్తే ఏమవుతానో నాకు తెలియదు” అన్నారు.

గురువారం నేను మాట్లాడతానని మాటిచ్చాను. అక్కడే బొక్కబోర్లా పడ్డాను.

ఆ మీటింగ్‌లో వృద్ధుల వైద్య నిపుణురాలు డాక్టర్ కీటింగ్ అధ్యక్ష స్థానంలో కూర్చుంటుంది. ఫిజియో, సోషల్ వర్కర్, నోరీన్ ఉంటారు. ఈఫా అని ఇంకో అమ్మాయి ఉంటుంది. మనిషి తన పనులు తాను చేసుకోగలడో లేదో పరీక్షించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఆమె. ఒక్కో రోగికి నాలుగు నిమిషాలు. నోరీన్ కోడిపెట్ట మెడ తిప్పింది. నేను గొంతు సవరించుకుని, రేపల్లెలో మా అమ్మ ఇచ్చే మజ్జిగ దగ్గర మొదలుపెట్టాను. అక్కణ్ణించి గుమ్మెటకి వచ్చాను. గుమ్మెట మట్టితో చేస్తారని, ఒక వైపు తోలు కడతారని చెప్పాను. అక్కణ్ణించి ప్రాచీన గ్రీసుకి బయల్దేరాను. దారిలో ఉండగా కోడిపెట్ట మోగింది. టియర్నీ మాస్టారి పేరు అప్పటికి ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

“గ్రాండ్, థాంక్స్ రత్నా” అంది డాక్టర్ కీటింగ్ ఎంతో మర్యాదగా. ఈ దేశంలో గ్రాండ్ అంటే చాలాసార్లు ఇక ఆపమని అర్థం. దరఖాస్తు తయారు చెయ్యమని సోషల్ వర్కర్‌కి చెప్పింది. ఆఖరి సంతకం మాత్రం వచ్చే గురువారానికి వాయిదా వేసింది, అది కూడా నా మొహం చూసి.

నాలుగో మంచం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. మొదటి నుంచే చెప్పాను. మాస్టారు కళ్ళు మూసుకుని విని, “ఆ గ్రీకు ఇతిహాసాన్ని నువ్వు చెప్పి ఉంటే, వీరుడు పుట్టిన రోజు దగ్గర మొదలుపెట్టి, యుద్ధానికి వెళ్ళేలోపే జనాన్ని ఇళ్ళకి పంపేదానివి” అన్నారు. దాన్ని పాడిన కవి అలా చెయ్యలేదట. పదేళ్ళ యుద్ధాన్ని చెప్పాలంటే పదో ఏట, ఇద్దరు పెద్దమనుషులు తగువు పడే రోజున ఎత్తుకున్నాడు. ఇంటికి తిరిగి రాలేని మనిషి కథ చెప్పాలంటే, వాడు ఒక దీవిలో ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నచోట ఎత్తుకున్నాడు. వెనకటి సంగతులన్నీ తర్వాత, ఒక విందులో, వాడి నోటితోనే చెప్పించాడు. “అప్పటికి వినేవాళ్ళకి ఆకలేస్తుంది. వాళ్ళే అడుగుతారు. వెనకటి కథ నువ్వు వడ్డించకూడదు, వాళ్ళు అడిగి వడ్డించుకోవాలి. ఇన్ని వందల ఏళ్ళుగా కథలు చెప్పే ప్రతివాడూ ఆ పద్ధతి మీద బతుకుతున్నాడు” అన్నారు. ఎలా పడ్డారని అడిగితే ఆయన నడుమ నుంచి ఎందుకు మొదలుపెట్టారో అప్పుడు తెలిసింది.

అన్నీ గ్రీకులే కనిపెట్టారన్నట్లు మాట్లాడే అలవాటు ఆయనది. దాన్ని నేను ఒప్పుకోలేదు. కథలో కథ, దానిలో ఇంకో కథ పెట్టడం మా వైపూ పాతదేనని గట్టిగా చెప్పాను. కానీ ఒక్కటి ఒప్పుకోక తప్పలేదు. మన సినిమా మొదలవగానే గడ్డం హీరో ఎవరో తెలియని పట్నంలో ఊరికే ఇటుకలు మోస్తుంటాడు. ఇంటర్వెల్ అయ్యాక గానీ వాడి ఊరు, వాడి నాన్న, వాడి పగ తెలియవు. నేను ఆ సినిమాలు చూస్తూ కదలకుండా కూర్చున్నదాన్ని. అదే పని టేబుల్ దగ్గర నేనెందుకు చెయ్యలేదో నాకే తెలియదు.

ఆ వారమంతా నాకు ట్యూషన్ జరిగింది. మధ్యాహ్నం టీ విరామంలో నేను మంచం పక్కన నిలబడి ఒక్కో రోగి హ్యాండోవర్ అప్పజెప్పేదాన్ని. ఆయన చేతికర్రతో మంచం ఇనుప కడ్డీ మీద కొట్టేవారు. “వెనక్కి వెళ్ళావు. ముందుకు రా.” టక్. “ఆమె పెళ్ళితో మనకేం పని?” టక్. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, యూనిఫాంలో, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎదురు మంచంలో మ్యాటీ అనే షుగర్ పేషంటు మాత్రం నాకంటే ముందే పాఠాలు నేర్చుకుని నాకు అందించేవాడు.

విశేషణాలు కూడా వాడి చూశాను. మనసులోనే అనుకోవాలని మొదలుపెట్టాను గానీ, పొరపాటున హ్యాండోవర్ కాగితం మీద రాశాను. మర్నాడు రౌండ్స్‌లో డాక్టర్ కీటింగ్ ఆ కాగితం చూసి, “తలగడ కింద బిస్కెట్ల మ్యాటీ” అని పైకి చదివింది. ఆమె మ్యాటీ తలగడ ఎత్తింది. మూడు వారాలుగా అతని షుగర్ ఎందుకు దిగడం లేదో అందరికీ అర్థమైంది. నోరీన్ నన్ను ఆఫీసులోకి పిలిచి, రోగి గౌరవం గురించి చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఆమె చెప్పింది న్యాయమే. కాగితం మీద మానేశాను. మ్యాటీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒకరోజు మాస్టారి కాళ్ళు కడుగుతుంటే మోకాలి కింద పొడుగాటి మచ్చ కనబడింది. చిన్నప్పుడు కంచె దూకుతుంటే గీరుకుందట. ఆయన మొహం వెలిగిపోయింది. దీవిలో ఏడ్చినవాడి ఇతిహాసంలో కూడా, మారువేషంలో ఇల్లు చేరిన యజమానిని ఎవరూ గుర్తుపట్టలేకపోతే, ముసలి దాది కాళ్ళు కడుగుతూ మచ్చ చూసి గుర్తుపడుతుందట. “చూశావా, మీ నర్సులు ఎప్పటినుంచి కథలో ఉన్నారో!” అన్నారు. అప్పట్లో మణికట్టు పట్టీలు లేవు కాబట్టి సరిపోయింది, ఇప్పుడైతే ఆ దాది మచ్చ చూసి ఊరుకుంటే కుదరదు, ఇంకో దాదిని పిలిచి ఇద్దరూ సంతకాలు పెట్టాలి అన్నాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

మంగళవారం ఈఫా వంటింటి పరీక్ష పెట్టింది. రోగి ఇంటికి వెళ్ళే ముందు వార్డులోని చిన్న వంటింట్లో టీ కాచి చూపించాలి. కెటిల్ నింపాడా, స్విచ్ ఆపాడా, వేడి కప్పు పట్టుకుని పడిపోకుండా నడిచాడా, అన్నీ ఆమె ఫారంలో టిక్కు పెట్టుకుంటుంది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. మాస్టారు వాకింగ్ ఫ్రేమ్ పట్టుకుని వచ్చి, ముందు ఆమెకి కుర్చీ చూపించారు. పరీక్ష పెట్టేవాళ్ళు కూర్చోకూడదు. అయినా కూర్చుంది. ఆయన కెటిల్ నింపి, కాగాక స్విచ్ ఆపి, టీ పోసి, సరైన అలమర తెరిచి బిస్కెట్లు తీసి, కప్పు ట్రాలీ మీద పెట్టుకుని నెట్టుకుంటూ తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె సగం కప్పు తాగేదాకా ఊరుకుని, అప్పుడు, “అమ్మాయీ, నీ పేరేమిటి, ఏ ఊరు, మీ నాన్న ఏం చేస్తాడు?” అని అడిగారు. పావుగంట తర్వాత చూస్తే ఫారం ఖాళీగా ఉంది, ఈఫా వాళ్ళ నాన్న గురించి చెబుతోంది. టిక్కులన్నీ తర్వాత పెట్టుకుంది. ఒక్కటీ తప్పు లేదు.

రెండో గురువారం వచ్చింది. నోరీన్ కోడిపెట్ట మెడ తిప్పింది. నా వెనక మా ఊరు, మజ్జిగ, గుమ్మెట అన్నీ తోసుకొస్తున్నాయి. చెవిలో టక్ అని వినబడింది, ఆయన కర్ర.

“మంగళవారం పదకొండింటికి నాలుగో మంచం టియర్నీగారు తన చేత్తో టీ కాచి, స్విచ్ ఆపి, ఈఫాని కూర్చోబెట్టి కప్పు అందించారు. మేము మాత్రం ఆయనకి మతి స్థిమితం లేదని రాసి ఉంచాం. మళ్ళీ పరీక్ష చెయ్యాలి, ఇంటిని చూసి రావాలి. అంతే” అన్నాను.

అంతే. కోడిపెట్ట ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉంది. నేను ఇంత తొందరగా ఆగడం ఎవరికీ అలవాటు లేదు. డాక్టర్ కీటింగ్ పెన్ను మూత పెట్టి, ముందుకు వంగి, “అయితే మొదట్లో పేరు ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది.

అడిగింది! నేను చెప్పడం మొదలుపెట్టాను. ట్రాలీ, దాహం, ఐదుసార్లు పేరు, గ్రీకు అతిథి, గాడిద. కోడిపెట్ట మోగింది. డాక్టర్ కీటింగ్ దాని మెడ పట్టుకుని నొక్కేసి, “ఊఁ, తర్వాత?” అంది. నోరీన్ వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు గుమ్మెట దాకా వెళ్ళాను, తోలు ఎలా కడతారో కూడా చెప్పాను. ఎవరూ గ్రాండ్ అనలేదు.

మీటింగ్ అవగానే డాక్టర్ కీటింగ్ తిన్నగా నాలుగో మంచానికి వెళ్ళింది. నోరీన్ రెండు కప్పుల టీ పెట్టిన ట్రే వెనకే పట్టుకెళ్ళింది. పరీక్షలో మాస్టారు ఒక్క ప్రశ్న తప్పారు, ఆ రోజు తారీఖు. ఆయన ఒకటి చెప్పారు, డాక్టర్ కాదని ఇంకొకటి చెప్పింది, గోడ మీద క్యాలెండర్ చూస్తే ఇద్దరిదీ తప్పే.

తర్వాతి వారం ఈఫా, నేను ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాం. హోమ్ విజిట్ అంటారు. మెట్లెన్ని, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఎక్కడ బిగించాలి, మార్మలేడ్ ఏ అరలో పెట్టాలి అని చూసుకోవడానికి. మాస్టారు కారు దిగి ముందు కంచె దగ్గరికి నడిచారు. ఆ ఇతిహాసంలో ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన యజమానిని ముసలి కుక్క గుర్తుపడుతుందని దారి పొడుగునా చెబుతూ వచ్చారు. ఇన్‌స్పెక్టర్ తలెత్తి ఆయన్ని చూసింది. నన్ను చూసింది. తాపీగా వెనక్కి తిరిగి, తోక మా వైపు పెట్టి నిలబడింది. ఆరు వారాలే అయింది.

“ఇన్‌స్పెక్టర్లందరూ ఇంతే” అన్నారు మాస్టారు. కళ్ళు తుడుచుకున్నారు, నవ్వు వల్లనో మరి దేనివల్లనో నేను అడగలేదు.

లోపల మమ్మల్ని కూర్చోబెట్టి ఆయనే టీ పెట్టారు. ఈఫా కొలతల టేపు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. నేను కప్పు ఖాళీ చేసేదాకా ఆగి, “ఇప్పుడు చెప్పు. ఏ ఊరు, ఎవరి కూతురివి?” అన్నారు. ఈ దేశంలో నన్ను ఎక్కణ్ణించి వచ్చావని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరి కూతురివని అడిగింది ఆయనొక్కరే. ఆ రోజు మొదటి నుంచే చెప్పాను, మా నాన్న పుట్టక ముందునుంచి. ఆయన చేతిలో కర్ర ఉంది, ఒక్కసారి కూడా టక్ అనలేదు.

నవంబరులో ఆయన ఇంటికి వెళ్ళిపోయారు. రోజూ ఉదయం గంటసేపు సాయానికి మనిషి వచ్చే ఏర్పాటు చేశాం. ఏడాదిన్నర తర్వాత ఛాతీలో కఫం చేరి మళ్ళీ వచ్చారు. అప్పటికి వార్డులో సగం మంది కొత్తవాళ్ళు. ఉదయం ఎనిమిదికి కేరళ నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఒకామె ఫైలు పట్టుకుని నా దగ్గరికి పరుగున వచ్చింది. ఇది డాక్టరమ్మ సంతకమేనా, నిజంగా ఇలాగే చెయ్యాలా అని అడిగింది. మొదటి పేజీలో, అలర్జీలు రాసే గడి కిందనే, డాక్టర్ కీటింగ్ చేతిరాతతో ఒక ఆదేశం ఉంది: ముందు టీ, తర్వాత పేరు. నిజంగా అలాగే చెయ్యాలని చెప్పాను. ఆయన తొమ్మిది రోజులుండి ఇంటికి వెళ్ళిపోయారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది: రోగి జవాబు చెప్పలేదని రాసే ముందు, మనం ఏ వేళ, ఏ స్థితిలో అడిగామో కూడా రాయాలి. రెండోది లేకుండా మొదటిది రాస్తే అది నోట్ కాదు, తీర్పు అవుతుంది. హ్యాండోవర్ విషయంలో ఆ తర్వాత నేను చివరిదాకా పావుగంట దాటించలేదు. రిటైరైన రోజు నోరీన్ నాకు కోడిపెట్టని ఇచ్చింది. ఇప్పుడు దానితో గుడ్లు ఉడకబెట్టుకుంటున్నాను.